చివరి 5 మీటర్ల గురించి కూడా రాయండి

స్కూబా డైవింగ్ మీద మీ వ్యాసంలో "డైవ్ నో-డికంప్రెషన్ పరిమితి (మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగలిగే లోతు, సమయాల హద్దు) లోపలే ఉంటే సేఫ్టీ స్టాప్ (పైకి తేలే ముందు కాసేపు ఆగడం) తప్పనిసరి కాదు" అని రాశారు. నియమం ప్రకారం నిజమే. కానీ కొత్తవాళ్లు చదివి, అయితే మానేయొచ్చులే అనుకుంటారని నా భయం.

మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నైట్రోజనే. లోతులో ఒత్తిడికి అది రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల గుండా మెల్లగా బయటికి పోవాలి. తొందరపడితే సోడా మూత ఠక్కున తీసినట్టే, ఒంట్లోనే బుడగలు కడతాయి. 30 మీటర్ల నుంచి 20కి వస్తే ఒత్తిడి పాతిక శాతం తగ్గుతుంది, 10 నుంచి నీటి పైభాగానికి వస్తే ఏకంగా సగం! 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమనేది అందుకే.

ఇంకో మాట. స్టాప్ అవగానే చాలామంది ఒక్క ఊపున పైకి లేచిపోతారు. అప్పటికి ట్యాంకు తేలికైపోయి ఉంటుంది, బీసీడీలో (తేలడాన్ని అదుపు చేయడానికి గాలి నింపుకునే జాకెట్) గాలి గబగబా ఉబ్బుతుంది. దయచేసి చేయి ఇన్‌ఫ్లేటర్ (ఆ జాకెట్లో గాలి నింపే, వదిలే గొట్టం) మీదే ఉంచి, కొద్దికొద్దిగా గాలి వదులుతూ, ఆ కాస్త దూరానికీ కనీసం అర నిమిషం తీసుకోండి. ట్యాంకులో గాలి నిజంగానే అయిపోతుంటే మాత్రం సేఫ్టీ స్టాప్ వదిలేసి, మెల్లగానే పైకి వచ్చేయాలి.