లొకేషన్ ఆన్ చెయ్యలేదు టీచర్!

మన ఐదో తరగతి పిల్లలకు చదువు రావడం లేదని ఈ మధ్య ఎవరు పడితే వాళ్ళు అనేస్తున్నారు. వినీ వినీ మనసు కష్టపెట్టుకుని, దసరా సెలవులకు ముందు కోనసీమలో మా చెల్లెలి మనవడు చదివే బడికి వెళ్ళాను. ఒక పూటంతా వెనకాల కూర్చుని, ఈ టర్మ్‌లో వాళ్ళేం నేర్చుకున్నారో కళ్ళారా చూసి వచ్చాను. బడి పేరు మాత్రం చెప్పను. టీచరమ్మ ఉద్యోగం చేసుకోవాలి కదా.

ముందుగా చెప్పుకోవలసింది ఫోటోగ్రఫీ. పాఠ్యపుస్తకంలో ఈ పాఠం ఉండదు గానీ, ఏడాది పొడవునా రోజూ ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టు ఇదొక్కటే. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు వరండాలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. కంచాల్లో అన్నం, పప్పు, గుడ్డు పడ్డాయి. ఒక్కరూ ముద్ద ఎత్తలేదు. మా చిన్నోడు లేచి, సంతలో కోడిపుంజును ఎంచినట్టు అన్ని కంచాలూ చూసుకుంటూ వెళ్ళి, అన్నం చెదరని కంచం ఒకటి పట్టాడు. అంచున ఉన్న గుడ్డును మధ్యకు జరిపాడు. పగిలిన వైపు కిందికి తిప్పాడు. కంచాన్ని నీడలోంచి ఎండలోకి లాగి, "ఇప్పుడు తియ్యండి టీచర్" అన్నాడు. పెట్టిన భోజనం ఫోటో సర్కారు యాప్‌లో ఎక్కించాలట, టీచరమ్మ ఫోన్‌తో తీసింది.

"లొకేషన్ ఆన్ చెయ్యలేదు టీచర్!"

ఆవిడ నాలిక కరుచుకుని మళ్ళీ తీసింది. తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూ కూర్చుంది. అప్పుడొక పిల్ల ఫోన్ అందుకుని, కొబ్బరిచెట్టు పక్కన అరుగెక్కి, దీపం పట్టుకున్నట్టు పైకెత్తి నిలబడింది. సిగ్నల్ అక్కడే వస్తుందట. "ఎక్కింది!" అని ఆ పిల్ల కేకేశాకే భోజనాలు మొదలయ్యాయి. అప్పటికి పప్పు మీద పొర కట్టింది. గుడ్డుకు ఆ బాధ లేదు, అది ఎప్పుడైనా చల్లగానే ఉంటుంది.

చట్టం తెలిసినవాళ్ళు ఇక్కడ అడ్డు తగులుతారని నాకు తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప టీచర్లకు చదువుతో సంబంధం లేని పని ఏదీ చెప్పకూడదు కదా అంటారు. ఆ వాదన నిలవదు. ఎండ ఎటు, నీడ ఎటు, కోణం ఎంత అని పిల్లలు ఇంత శ్రద్ధగా ఆలోచించేది ఇక్కడే. ఇది చదువు కాదంటే నేనొప్పుకోను.

తర్వాత లెక్కలు. పుస్తకం ఇప్పుడు రెండు భాషల్లో ఉంది, ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు. చిన్నోణ్ణి భిన్నాల పాఠం తియ్యమన్నాను.

"డినామినేటర్ అంటే ఏంట్రా?"

"హారం, తాతయ్యా."

"హారం అంటే?"

"డినామినేటర్."

"ఆ రెండూ అంటే?"

వాడు నా వంక జాలిగా చూసి, "కింద ఉండేది" అన్నాడు.

మా రోజుల్లో మాకు ఒక్క భాషలోనే అర్థమయ్యేది కాదు. వీళ్ళు రెండాకులు ఎక్కువే చదివారు.

అసర్ సర్వేవాళ్ళు ఊళ్ళు తిరిగి, ఐదో తరగతి పిల్లాడి చేతిలో రెండో తరగతి పాఠం పెట్టి చదవమంటారు. 2024లో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో అలా చదవగలిగినవాళ్ళు 44.8 శాతమట. 2022లో 38.5 శాతమే కాబట్టి ఇది పెరుగుదల కిందికి వస్తుంది, పండగ చేసుకోవచ్చు. తీసివేతలు కూడా ఇచ్చి చూస్తారు గానీ, అవి రెండంకెల లెక్కలు. మా వాళ్ళది ఐదంకెల స్థాయి. పిల్లల్ని బడికి పంపే తల్లికి సర్కారు పదిహేను వేలు ఇస్తామన్నారు, రెండు వేలు బడి నిర్వహణకు ఉంచుకున్నారు, అమ్మ ఖాతాలో ఎంత పడింది? తరగతి తరగతంతా ఒక్క గొంతుతో "పదమూడు వేలు!" అంది. 2022లో ఆ పథకాన్ని అమ్మ ఒడి అన్నప్పుడూ అంతే, 2025లో తల్లికి వందనం అన్నప్పుడూ అంతే. ప్రభుత్వం మారినా జవాబు మారకపోవడం గణితశాస్త్రం గొప్పదనం.

భూగోళం వీళ్ళు కాళ్ళతో నేర్చుకున్నారు. 2022లో 117 నంబరు జీవో వచ్చి, 3, 4, 5 తరగతులు కిలోమీటరు లోపలున్న హైస్కూళ్ళకు నడిచాయి. 2025లో ఆ జీవో పోయింది, వీళ్ళు వెనక్కి నడిచారు. మూడో తరగతికే హైస్కూలు చూసి, ఐదో తరగతికి ప్రైమరీకి ఎదిగిన తరం ఇది.

చరిత్ర కోసం పుస్తకం తియ్యక్కర్లేదు, సర్కారు ఇచ్చిన బడిసంచుల మీద పేర్లు చూస్తే చాలు. మా చిన్నోడి వీపున ఉన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. ఇంట్లో చింతపండు పోసి అటక మీద పెట్టింది వాళ్ళన్నది, జగనన్న విద్యా కానుక. ఏ రాజు తర్వాత ఏ రాజో మేం బట్టీ పట్టి బెత్తం దెబ్బలు తిన్నాం. వీళ్ళు జిప్పు లాగి చెప్పేస్తారు. (రెండు సంచులకూ జిప్పు ఒకేచోట పోయిందన్నది చరిత్రకారులు గమనించవలసిన విషయం.)

భోజనానికీ అంతే. అప్పుడది గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. పేరు మంచిదే, ఇందులో నేను వంక పెట్టడానికి ఏమీ లేదు. సీతమ్మగారు ఎవరో ఏమిటో తెలియని మనిషి కాదు, మా కోనసీమ లంకల గన్నవరం ఇల్లాలు. గోదావరి దాటి ఏ వేళకొచ్చినా కులం, మతం అడగకుండా వడ్డించి, 1909లో కన్నుమూసిన తల్లి. అందుకే కాస్త గర్వంగా, "సీతమ్మగారంటే ఎవర్రా?" అని అడిగాను.

"గుడ్డు ఆవిడ పేరు మీదే వస్తుంది" అన్నాడు.

ఇక ఆగలేక కథ చెప్పాను. ఆవిడ అన్నదానం సంగతి ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డు దాకా వెళ్ళిందని, తన పట్టాభిషేకం వేడుకకు ఆవిడ ఫోటో పంపించమన్నాడని మా వైపు చెప్పుకుంటారు. దొరలు వచ్చి అడిగితే, నాకు ఫోటో ఎందుకు నాయనా, నేను పేరు కోసం పెడుతున్నానా అని ఆవిడ ససేమిరా అందట. ఫోటో లేకుండా వెళ్తే నా ఉద్యోగం పోతుందమ్మా అని ఆ అధికారి బతిమాలుకుంటే, పోన్లే పాపం అని కూర్చుందట.

టీచరమ్మ తల వంచుకుని ఫోన్‌లో ఏదో చూసుకుంటోంది. చిన్నోడు మాత్రం గుడ్డు సగం కొరికి, చాలాసేపు ఆలోచించాడు.

"అయితే ఆవిడ ఫోటోకి ఒప్పుకునేదాకా వచ్చినోళ్ళందరికీ అన్నం ఆపేశారా, తాతయ్యా?"

లేదురా, అప్పటికే తినేశారన్నాను. వాడు నమ్మలేదు.