సవరణ: షేరింగ్ ఇంట్లో కౌన్సిల్ టాక్స్ బాకీ ఎవరిది?

ఇంగ్లండ్‌లో కలిసి అద్దెకుండేవాళ్ల కౌన్సిల్ టాక్స్ (అక్కడి స్థానిక సంస్థ, అంటే కౌన్సిల్, ఇంటి మీద వేసే పన్ను) గురించిన గత పోస్టులో "నలుగురుంటే నాలుగో వంతు కట్టేస్తే చాలు" అని ఉంది. ఆ వాక్యాన్ని తీసేశాను. దాని బదులు ఇది చదవండి.

అందరూ ఒకే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి ఆ ఇంట్లోనే ఉంటుంటే, మొత్తం బాకీకి ప్రతి ఒక్కరూ బాధ్యులే. వాటాలనేవి మీలో మీరు వేసుకున్న లెక్క, కౌన్సిల్‌కు వాటితో పనిలేదు. ఒకరు కట్టకుండా వెళ్లిపోతే, మిగిలినవాళ్లలో ఎవరినైనా మొత్తం అడగొచ్చు. కట్టినవాళ్లు తర్వాత ఆ డబ్బు మిగతావాళ్ల దగ్గర రాబట్టుకోవాలి (అదెంత తలనొప్పో చెప్పక్కర్లేదు). మీరు ఖాళీ చేశాక కూడా మిగతావాళ్లు అక్కడే ఉంటే, ఆపై వచ్చే పన్ను వాళ్లదే. అందుకే వెళ్లిన తేదీని కౌన్సిల్‌కు వెంటనే చెప్పండి.

గది గదికీ వేరే అగ్రిమెంట్ ఉంటే మామూలుగా ఓనరే కట్టాలి.

అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే పన్ను లేదు. ఒక్కరు మాత్రం స్టూడెంట్ కాకపోతే బిల్లు ఆ ఒక్కరికే, 25 శాతం తగ్గింపుతో. మిగతా స్టూడెంట్లకు ఆ బాకీ అంటదు. కోర్సు అయిపోగానే ఈ మినహాయింపు పోతుంది, చాలామంది దొరికిపోయేది అక్కడే.

రిమైండర్‌ను పక్కన పడేస్తే ఆ ఏడాదికి మిగిలిన పన్నంతా ఒకేసారి అడుగుతారు, ఆపై కోర్టు. టెన్షన్ పడుతూ కూర్చోకుండా ముందే ఫోన్ చేసి వాయిదాలు అడగండి.