భవంతి చరిత్రలో కౌలు రైతు ఎక్కడ?

1714 నుంచి 1830 దాకా బ్రిటన్ సింహాసనంపై వరుసగా నలుగురు జార్జిలు కూర్చున్నారు. ఐర్లాండ్ పల్లెల్లో మనం చూసే జార్జియన్ భవంతులు ఆ కాలంవే. కిల్డేర్ కౌంటీలోని కాజిల్‌టౌన్ హౌస్ నిర్మాణం ఐరిష్ పార్లమెంటు స్పీకర్ విలియం కానలీ కోసం 1722లో మొదలైంది. దాని ముందు నిలబడితే చూపు తిప్పుకోలేం. ఇలాంటి ఇళ్లను కాపాడి తీరాలి. అయితే వాటి అందం ఒక్కటే చూపిస్తే సగం చరిత్రను దాచినట్టే.

బ్రిటన్ నుంచి విడిపోవడానికి ఐర్లాండ్ చేసిన స్వాతంత్ర్య పోరాటం, ఆ వెంటనే వచ్చిన అంతర్యుద్ధం దాదాపు 300 భవంతులను తగలబెట్టాయి. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లిపోయి వచ్చిన కరవులో కౌలుదార్లకు అండగా నిలిచిన కుటుంబానిదైనా మేయో కౌంటీలోని మూర్ హాల్ 1923 ఫిబ్రవరిలో బూడిదైంది. తర్వాత పన్నుల భారం. పైకప్పు ఉంటేనే పన్ను కాబట్టి కొందరు యజమానులు కప్పే పీకేశారు. భూసంస్కరణలతో భూములు కౌలు రైతుల చేతికి వెళ్లాక ఇంటిని నిలబెట్టే ఆదాయమూ లేదు. చాలామంది ఐరిష్ వాళ్లకు అవి పరాయి దొరల ఇళ్లు, పోతే పోనీ అనిపించింది. ఆ కోపంలో న్యాయం లేదని నేననలేను.

రాస్‌కామన్ కౌంటీలోని స్ట్రోక్స్‌టౌన్ పార్క్ వేరే దారి చూపింది. పనివాళ్లు అతిథుల కంట పడకుండా తిరగడానికి ఆ ఇంటికి సొరంగాలున్నాయి. బంగాళాదుంప కరవు రోజుల్లో, 1847లో, భూస్వామి మేజర్ డెనిస్ మహోన్ 1,490 మందిని కెనడాకు పంపేశాడు. వాళ్లు డబ్లిన్ దాకా కాలినడకనే వెళ్లారు. ఓడల్లో జ్వరాలతో ఎందరో పోయారు. అదే ఏడాది నవంబరులో మహోన్‌ను కాల్చి చంపారు.

1979లో ఈ ఎస్టేటు కొన్న స్థానిక వ్యాపారి జిమ్ క్యాలరీకి కావలసింది నిజానికి స్థలమే. లోపల దొరికిన పాత కాగితాలు ఆయన మనసు మార్చాయి. వాటిలో ఆ ఎస్టేటులోని క్లూనాహీ అనే చోటి రైతులు ఆకలికి తాళలేక 1846లో పెట్టుకున్న అర్జీ కూడా ఉంది. 1994లో అక్కడే జాతీయ కరవు మ్యూజియం తెరిచారు. ఆ 1,490 మంది నడిచిన దారి ఇప్పుడు 165 కిలోమీటర్ల నడకబాట. దొర భోజనాల గది, రైతు అర్జీ ఒకే ఆవరణలో ఉండటం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

చారిత్రక ఇంటిని ఏడాదిలో కనీసం 60 రోజులు సందర్శకులకు తెరిచే యజమానికి మరమ్మతుల ఖర్చుపై ఐర్లాండ్ పన్ను రాయితీ ఇస్తోంది. మంచి పథకమే. దానికి ఇంకో షరతు చేర్చాలి: ఆ ఎస్టేటు కౌలు లెక్కలు, ఖాళీ చేయించిన కుటుంబాల పేర్లు ఎక్కడ దొరికితే అక్కడ వాటినీ జనానికి చూపించాలి.