చైనా వంటకు ఒక జూలియా కావలెను

అమెరికాలో వంట గురించి రాసే పత్రికలలో ఒక కఠినమైన నియమం అమలులో ఉన్నట్టు తోస్తుంది. చైనా వంటను పరదేశాలకు రుచి చూపించిన స్త్రీ ఎవరైనా సరే, 'చైనా వంటకు జూలియా చైల్డ్' అన్న బిరుదు స్వీకరించనిదే కన్నుమూయడానికి వీలు లేదు. జూలియా చైల్డ్ అంటే అమెరికా వారికి టెలివిజన్‌లో ఫ్రెంచి వంట నేర్పిన ఆవిడ. తైవాన్ టెలివిజన్‌లో దశాబ్దాల తరబడి వంట నేర్పిన ఫు పెయిమెయి గారికి న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1971లోనే ఈ లాంఛనం పూర్తి చేసింది. సాన్ ఫ్రాన్సిస్కోలో 'ది మాండరిన్' హోటలు నడిపిన సిసీలియా చియాంగ్ గారినైతే అమెరికాలో పేరుమోసిన హోటలు యజమాని ఆలిస్ వాటర్స్ అంతటి, వంటలో చేయి తిరిగిన మనిషే ఈ కొలబద్దతో కొలిచారు. పానుగంటి వారిని ఆంధ్రా షేక్‌స్పియర్‌ను చేస్తే గాని నిద్రపట్టని జాతి మనది గనుక, ఈ జబ్బు లక్షణాలు మనకు ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇన్ని బిరుదులు జారీ అవుతున్నాయంటే వాటికి ఎక్కడో ఒక కార్యాలయం ఉండి తీరాలి. అక్కడ కిటికీ ముందు ఫు పెయిమెయి గారు నిలబడి ఉంటారు. "టెలివిజన్‌లోకి ఎప్పుడు వచ్చారమ్మా?" అని గుమాస్తా అడుగుతాడు. "1962లో నాయనా" అంటారు ఆమె. అతడు రిజిస్టరు తిరగేసి చూస్తే జూలియా గారి ఫ్రెంచి వంటల కార్యక్రమం 1963లో మొదలైనట్టు ఉంటుంది. ముందు వచ్చిన మనిషి వెనుక వచ్చిన మనిషికి నకలు ఎలా అవుతుందో పాలుపోక ఫైలు పైకి పంపితే, తేదీలు మన పరిధిలోకి రావనీ, ముద్ర వేసి పంపెయ్యమనీ పై నుంచి జవాబు వస్తుంది. ఇంతలో వరుసలో తర్వాతి వారు, జపానులో వైద్యం చదివి పెకింగులో, అంటే నేటి బీజింగులో, ఆసుపత్రి నడిపిన డాక్టరు బువెయ్ యాంగ్ చావ్ గారు, 1945లో అమెరికాలో అచ్చయిన తన చైనా వంటల పుస్తకాన్ని బల్ల మీద పెడతారు. గుమాస్తా మళ్ళీ రిజిస్టరు తీస్తాడు. 1945లో జూలియా గారు యుద్ధకాలపు గూఢచారి శాఖ ఉద్యోగం మీద, ఎక్కడో కాదు, చైనాలోనే కున్మింగ్‌లో ఉన్నారు. పారిస్‌లో వంటబడిలో చేరడానికి ఇంకా నాలుగేళ్ళు ఉంది. ఈ లెక్కన జూలియా గారినే 'ఫ్రెంచి వంటకు బువెయ్ చావ్' అనవలసి వస్తుందేమో అని నోరు జారిన ఆ గుమాస్తాకు సాయంత్రానికల్లా బదిలీ ఉత్తర్వులు అందుతాయి.

జాయిస్ చెన్ గారికి దరఖాస్తు పెట్టుకునే శ్రమ కూడా తప్పింది. 1958లో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలో హోటలు తెరిచి, గుండ్రటి అడుగున్న చైనా మూకుడు అమెరికా పొయ్యి మీద నిలవదని బల్లపరుపు అడుగుతో మరొకటి చేయించి పేటెంటు పుచ్చుకున్న ఈ ఇల్లాలి కార్యక్రమాన్ని, బోస్టన్ టీవీ వారు జూలియా గారి సెట్ మీదనే, అలంకరణ మార్చి తీశారు. తపాలా శాఖ మాత్రం 2014లో ఇద్దరికీ చెరొక బిళ్ళ వేసింది.

సిసీలియా గారి దగ్గరకు వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రావడం లేదు. జపాను సైన్యం పట్టులో ఉన్న పెకింగు నుంచి ఆమె, ఆమె అక్కచెల్లెళ్ళలో ఒకరు, దాదాపు ఆరు నెలలు నడిచి, చైనా ప్రభుత్వం తలదాచుకున్న చుంగ్‌కింగ్ చేరుకున్నారు. తరువాత సాన్ ఫ్రాన్సిస్కోలో స్నేహితుల హోటలుకు సాయంగా పదివేల డాలర్లు అడ్వాన్సు కడితే, ఆ స్నేహితులు తప్పుకున్నారు, ఇంటి యజమాని డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు. దానితో వ్యాపారం నెత్తిన పడింది. ఆడమనిషి, పైగా అక్కడి చైనా వర్తకుల భాష కాంటనీస్ రాదు అని సరుకుల వాళ్ళు అరువు ఇవ్వలేదు. అయినా అమెరికా వారి రుచికి తగ్గట్టు కలగలిపి వండే చాప్ సూయీకి అలవాటు పడ్డ ఊరికి ఉత్తర చైనా వంటలు, సిచువాన్ వంటలు రెండు వందలకు పైగా జాబితా వేసి వడ్డించారు. అటువంటి మనిషిని గురించి ఒక్క వాక్యం రాయడానికి మీకు ఇంకొకావిడ పేరు అరువు కావలసి వచ్చిందా? సిగ్గనిపించలేదా? యుద్ధం మధ్యలో ఆరు నెలలు నడిచింది జూలియా చైల్డా?