ముక్కు లేపిన పికప్పులు

నల్లగొండ చుట్టుపక్కల ఈ మధ్య ఏ పికప్ చూసినా ముక్కు ఆకాశంలోకి లేపుకొని తిరుగుతోంది. ముందు చక్రాల స్ప్రింగులకు స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మలు, వేయించి "లెవెల్ చేయించినం" అంటున్నారు. తిట్టే హక్కు నాకు ఉంది, ఎందుకంటే పోయినేడాది నేనూ చేయించాను.

మాది టూవీల్ డ్రైవ్ బండి. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. ఖాళీగా ఉంటే వెనక లేచి, ముందు వంగి నిలబడుతుంది. మా మేనల్లుడిది రోజూ ఒకటే గోల: "మామా, మన బండి గడ్డి మేసే బర్రె లెక్కున్నది. ఇజ్జత్ పోతున్నది." వాడి పోరు పడలేక ఒక షెడ్డుకు తీసుకుపోయాను. మేస్త్రి టేపు కూడా తీయలేదు. కంటితో చూసి, రెండు వైపులా ఇంచు మందం స్పేసర్లు ఎక్కించేశాడు.

ఇంచు స్పేసరుకు బండి ఇంచే లేస్తుందనుకున్నాను. తీరా చూస్తే రెండించులు లేచింది. స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు కదా, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. తలుపును మధ్యలో పట్టుకొని బెత్తెడు నెడితే అంచు రెండు బెత్తెలు జరగదూ, అదే లెక్క.

ఖాళీ బండి మాత్రం సోకుగానే ఉంది. మేనల్లుడు ఫొటోలే ఫొటోలు.

బత్తాయి కోత మొదలైంది. రాత్రి లోడు వేసుకొని హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బయల్దేరాం. బరువుకు వెనక కమాన్లు కూర్చున్నాయి, ముందు ఎలాగూ లేపి పెట్టిందే. ఊరి నుంచి సింగిల్ రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతివాడూ డిప్పర్ కొట్టడమే. నేను డిమ్‌లోనే ఉన్నాను! నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక స్టీరింగ్ చేతిలో తేలిపోతోంది, ముందు చక్రాలకు రోడ్డు అందనట్టు. పంతంగి టోల్‌గేటు దగ్గర లైన్లో ఆగితే విషయం అర్థమైంది. నా లైటు ముందు లారీ నంబరు ప్లేటు మీద పడటం లేదు, దాని టార్పాలిన్ మీద పడుతోంది.

కంపెనీవాడు ముందు భాగాన్ని తెలియక దించలేదు. లోడు పడి వెనక దిగినప్పుడు బండి సమానంగా రావాలని ముందే లెక్క వేసి పెట్టాడు. ఆ లెక్క చెరపడానికి నేను డబ్బులిచ్చి మరీ వచ్చాను.

అక్కడితో అయిపోలేదు. గుంతలో చక్రం దిగినప్పుడల్లా కింద టక్కుమని చప్పుడు, పై ఆర్మ్ పోయి స్టాపర్‌కు కొట్టుకుంటోంది. ఆర్మ్ చివర చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్లు వంకరగా లాగబడి ఉన్నాయి. రెండు నెలల్లో ముందు టైర్లు బయటి అంచున నున్నగా అరిగిపోయాయి. ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువులో ఎంత వాలింది), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగాయి) రెండూ మారతాయి, అలైన్‌మెంట్ చేయించుకో అని మేస్త్రి ఒక్క మాట అనలేదు. కాయిల్ స్ప్రింగుకు బదులు టార్షన్ బార్, అంటే మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ, ఉన్న బండ్లది ఇంకో తమాషా. బోల్టు తిప్పితే చాలు లేస్తుంది, ఖర్చు లేదు కాబట్టి ఇంకా తిప్పుతారు. ఎంత తిప్పినా ఎత్తు మారుతుందే తప్ప బార్ గట్టిపడదు.

అసలు చేయించనే వద్దనను. స్ప్రింగులు నిజంగా చతికిలపడితే కొత్తవి, కంపెనీ ఎత్తువే, వేయించండి. ముందు కొలవండి. చదును నేల మీద బండిని నాలుగుసార్లు ఊపి వదిలి, చక్రం హబ్ నడిమి నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టండి. అలా కొలిస్తే టైర్లో గాలి తక్కువున్నా లెక్క తప్పదు. ఖాళీగా ఒకసారి, మీరు రోజూ వేసే లోడుతో ఒకసారి. మేం లోడుతో కొలిచి ఉంటే ఆ షెడ్డు గడపే తొక్కేవాళ్లం కాదు.

నేను తీయించేశాను. బండి మళ్లీ బర్రె లెక్కే ఉంది, వాడు మళ్లీ మూతి ముడుచుకున్నాడు. మీకు తీయించే ఓపిక లేకపోతే కనీసం హెడ్‌లైట్ వెనకున్న స్క్రూ తిప్పి లైటు కిందికి దించుకోండి. చీకటి పడ్డాక పొలం నుంచి మోటర్‌సైకిల్ మీద మీకు ఎదురొచ్చేది మేమే.