కథను మందుచీటీ మీద రాయవచ్చా?

(కథలు పిల్లల ఆరోగ్యానికి తోడ్పడతాయన్నది ఉపాధ్యాయురాలి వాదన. ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోనన్నది వైద్యుడి పట్టు.)

ఉపాధ్యాయురాలు: డాక్టరుగారూ, 2021లో వెలువడిన ఒక అధ్యయనంతో మొదలుపెడతాను. బ్రెజిల్‌లో ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న 81 మంది పిల్లలలో కొందరికి కథలు చెప్పి, మిగిలినవారికి పొడుపుకథలు వేశారు. రెండు బృందాలకూ ఊరట కలిగింది గానీ, కథలు విన్నవారిలో నొప్పి మరింత తగ్గింది. ఒత్తిడిని సూచించే కార్టిసాల్ కూడా వారి లాలాజలంలో ఎక్కువగా తగ్గింది.

వైద్యుడు: అక్కడ పిల్లలు చదవలేదు, విన్నారు. ఊరటనిచ్చింది కథా, పక్కన కూర్చున్న మనిషా?

ఉపాధ్యాయురాలు: పొడుపుకథలు వేసినవారూ పక్కనే కూర్చున్నారు కదండీ!

వైద్యుడు: సరే, ఒప్పుకున్నాను. అయినా అది అరగంట ముచ్చట. ఆరు నెలల తరువాతి సంగతి అది చెప్పదు. సాహిత్య కథలు చదివితే ఎదుటివారి మనసు బాగా తెలుస్తుందని 2013లో పెద్దలపై జరిపిన ప్రయోగాలు పేరు తెచ్చుకున్నాయి. తరువాత ఇతర బృందాలు అదే పద్ధతిలో ప్రయత్నిస్తే ఆ ఫలితం రాలేదు. ఇలాంటి పునాది మీద నేను మందుచీటీ ఎలా రాయను?

ఉపాధ్యాయురాలు: రాయమనడం లేదు. నేను చూసింది చెబుతాను. మా తరగతిలో ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడనివాడు, బావిలో పడిన ఎలుగుపిల్ల కథను ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఆ బావి బొమ్మ ఉన్న పేజీ అంచు నలిగి మెత్తబడిపోయింది. ఒకనాడు నా దగ్గరకు వచ్చి, "రాత్రి దానికి భయం వేయలేదా?" అన్నాడు. నువ్వేమనుకుంటున్నావని అడిగితే, "వేసింది, కానీ వాళ్లమ్మకు చెప్పలేదు" అన్నాడు. తన భయాన్ని తన పేరుతో చెప్పలేని పిల్లవాడు ఎలుగుపిల్ల పేరుతో చెప్పగలిగాడు.

వైద్యుడు: అప్పుడు మీరు, "నీకూ అలాగే ఉందా?" అని అడిగారా?

ఉపాధ్యాయురాలు: లేదు.

వైద్యుడు: మంచి పని చేశారు. నా బెంగంతా అదే. కథ ఆరోగ్యానికి మంచిదని చాటగానే పెద్దలు రోజుకింత అని కొలిచి చదివించి, చివర ప్రశ్నలు వేస్తారు. కథ చాటున దాగే చోటు కాస్తా పిల్లలకు లేకుండా పోతుంది. ఇంకొకటి, ఆ భయం నిద్రనూ తిండినీ వారాల తరబడి చెడగొడుతుంటే మాత్రం పుస్తకంతో సరిపెట్టకుండా, తల్లిదండ్రులకు చెప్పి నా దగ్గరకు పంపించండి.

ఉపాధ్యాయురాలు: పంపిస్తాను. వాడు ఆ పుస్తకం పట్టుకునే వస్తాడు. అందులోంచి మీరు ప్రశ్నలు వేయకుండా ఉంటే చాలు.