‘చూద్దాం’ కమిటీ గారికి విన్నపం

మహారాజశ్రీ ‘చూద్దాం’ కమిటీ గారి సముఖానికి,

మీరు క్షేమమని తెలుసు. మీకెప్పుడూ క్షేమమే. మీ టేబుల్ దాకా వచ్చిన ఆలోచనలకే ఏదో ఒక నలత చేస్తుంటుంది. టెక్నాలజీ కంపెనీ కానివ్వండి, టెలికాం నియంత్రణ సంస్థ కానివ్వండి, ఆఖరి సంతకం మీదే. మీరు ‘వద్దు’ అని మొహం మీద చెప్పరు. ‘ఇంకాస్త స్టడీ చేద్దాం’ అంటారు. దాంతో ఫైలు అటకెక్కుతుంది, తెచ్చినవాడు గుమ్మం దగ్గర నిలబడే ఉంటాడు.

మీ ఘనకార్యాల్లో నాకు బాగా నచ్చింది హష్-ఎ-ఫోన్ వ్యవహారం. ఇంతకీ ఆ వస్తువేమిటంటే, ఫోన్‌లో మాట్లాడే చోట తగిలించే గిన్నెలాంటి తొడుగు. అది పెట్టుకుంటే పక్క సీటువాళ్లకి మన మాటలు వినపడవు, ఆఫీసు రొద అవతలి మనిషికి వినపడదు. దానికి వైరు లేదు, కరెంటు లేదు. కానీ అప్పట్లో అమెరికా ఫోన్లలో చాలా భాగాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ఏటీ అండ్ టీ కంపెనీకి అందులో పెద్ద ముప్పే కనిపించింది. తాను ఇవ్వని వస్తువేదీ తన ఫోన్‌కి తగిలించకూడదని వాళ్ల రూలు. తొడుగు తయారీదారులు 1948లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ గడప తొక్కారు. వాదనలయ్యాయి, నిపుణులొచ్చి సాక్ష్యాలిచ్చారు. అంతా విన్నాక 1955లో మీరు తేల్చిందేమిటి? ఆ తొడుగు టెలిఫోన్ వ్యవస్థకే చేటని! ఓ గిన్నెలాంటిదాని మీద ఇంత విచారణ చేసిన ఓపిక మీకు తప్ప ఇంకెవరికుంటుంది?

మరుసటి ఏడాది అప్పీలు కోర్టు అడ్డం తిరిగింది. చెయ్యి దొప్పలా అడ్డం పెట్టుకుని మాట్లాడితే తప్పు లేదు కదా, అదే పని తొడుగుతో చేసి, రాసుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉంచుకుంటే తప్పెలా అవుతుందని అడిగింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడాన్ని కూడా నిషేధిద్దామని మీకు తట్టనందుకు సంతోషం.

పోనీ, బయటివాళ్ల సరుకు కాబట్టి అనుమానం అనుకుందామా? సొంత ఇంట్లో పుట్టినవాటినీ వదల్లేదు మీరు. అదే ఏటీ అండ్ టీకి చెందిన పరిశోధనాశాల బెల్ ల్యాబ్స్‌లో 1930ల్లోనే క్లారెన్స్ హిక్‌మన్ అనే ఇంజనీరు, ఫోన్ ఎత్తేవాళ్లు లేనప్పుడు సందేశాన్ని అయస్కాంత టేపు మీద రికార్డు చేసే యంత్రం తయారుచేశారు. దాన్ని మీరు మూలన పడేశారు. మాటలు రికార్డవుతాయని తెలిస్తే జనం ఫోన్ చేయడమే మానేస్తారని భయమట. (ఇవాళ వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటూ ఫోన్ ఎత్తని జనాన్ని చూస్తే, మీ భయంలో ఓ పిసరు నిజం ఉందేమో అనిపిస్తుంది. ఆ మాట మీ ఫైల్లో రాసుకోకండి.)

ఫొటో ఫిల్మ్ కంపెనీ కోడాక్ సంగతి అందరికీ తెలిసిందే అయినా ఒక్క మాట. 1975లో అక్కడి ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరా దాదాపు మూడున్నర కిలోల బరువు. ఒక్క నలుపు-తెలుపు ఫొటో క్యాసెట్ టేపుకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే టీవీ కావాలి. ఆ బొమ్మ చూసి ‘ఇదెవడు కొంటాడు’ అనుకుంటే నేను తప్పుపట్టను, నేనైనా అదే అనుకునేవాడిని. కానీ ఫిల్మ్ మీద డబ్బులు రాలుతున్నన్నాళ్లూ డిజిటల్ వైపు అడుగు పడీపడనట్టే పడింది. 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కొత్త వస్తువు బాగోగులు తేల్చే పని, పాతదాని మీద బోనస్ తీసుకునేవాళ్లకి అప్పగిస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

అలాగని మీలో మంచి లేదనను. 1968లో ఆ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనే కార్టర్‌ఫోన్ కేసులో ఒక పని చేసింది. టూ-వే రేడియోని ఫోన్ లైనుతో కలిపే పరికరం అది. నెట్‌వర్క్‌కి హాని చేయనంతవరకూ బయటి పరికరాలు తగిలించుకోవచ్చంది. ఆ రోజు కొత్తగా ఎవరూ ఏదీ కనిపెట్టలేదు, మీరు అడ్డం పెట్టిన మోకాలు తీశారంతే. ఏటీ అండ్ టీ గొడవ అక్కడితో ఆగలేదు గానీ, ఆన్సరింగ్ మెషిన్లు, ఫ్యాక్సులు, మోడెమ్‌లు ఒకదాని వెనక ఒకటి ఆ దారినే ఇళ్లల్లోకొచ్చాయి. ఇంటి ఫోన్ లైను మీద ఇంటర్నెట్ కుయ్యిమంటూ కలిసింది ఆ మోడెమ్‌లతోనే.

కాబట్టి నా విన్నపం చిన్నది. ప్రమాదం ఉందనేవాళ్లే ఆ ప్రమాదమేమిటో చూపించాలి. కొత్తది తెచ్చినవాడు లేని ప్రమాదం లేదని ఎన్నాళ్లు రుజువు చేస్తాడు? అనుమానముంటే కొద్దిమంది దగ్గర, కొద్దిరోజులు పెట్టి చూడనివ్వండి. వచ్చే ఆలోచనల్లో పనికిమాలినవి బోలెడు, నాకూ తెలుసు. వాటికి ‘వద్దు’ అనండి, కాకపోతే గడువులోగా అనండి, కారణం రాయండి, కింద పేరు పెట్టండి. ‘కమిటీ అభిప్రాయం’ అని రాస్తే చెల్లదు. తొందరగా వద్దంటే ఆ మనిషి ఇంకో గడప ఎక్కుతాడు, లేదా ఇంకో పని చూసుకుంటాడు.

ఈ లేఖ అందినట్టు రసీదు ఇప్పించగలరు. సబ్‌కమిటీకి పంపదలిస్తే, ఆ సబ్‌కమిటీ ఏ తేదీన రద్దవుతుందో కూడా అందులోనే రాయించండి.

ఇట్లు,
గుమ్మం దగ్గర నిలబడ్డవాడు